ఒకే నేలకు పది పటాలు: భౌగోళిక సమాచారం పంచుకోవడంలో అసలు చిక్కు

2021 నవంబరు మూడో వారంలో కురిసిన వానను తిరుపతి చుట్టుపక్కల వారెవరూ మరచిపోలేరు. కొండల మీది నీళ్లు కపిలతీర్థం మీదుగా ఉరికాయి, స్వర్ణముఖి ఒడ్లు దాటింది, నగరంలో కాలనీలకు కాలనీలే నీళ్లలో చిక్కుకున్నాయి. ఆ వెంటనే రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్ట నుంచి నీరు ఊరుతోందన్న వార్త వచ్చింది. కట్ట తెగుతుందేమోనన్న భయంతో దిగువ ఊళ్లవారిని ఎత్తయిన చోట్లకు పంపించారు. బస్తాలు వేసి కట్టను కాపాడారు. చివరికి కట్ట నిలిచింది.

నిలవకపోయి ఉంటే నీళ్లు ఎటు పోయేవి? ఏ ఊరికి ముందు చేరేవి? ఏ దారి మొదట మునిగేది? ఊళ్లోని పెద్దలు అనుభవంతో చాలావరకు చెప్పగలరు. అయితే వేల మందిని తరలించవలసిన అధికారికి అనుభవంతో పాటు పటం కూడా కావాలి. ఒక పటం సరిపోదు. చెరువులో ఎంత నీరుందో, తూములు, మరవ (అదనపు నీరు పొర్లిపోయే చోటు) ఎక్కడున్నాయో జలవనరుల శాఖ దగ్గర ఉంటుంది. దిగువ పొలాల సర్వే నంబర్లు, వంకలు, పోరంబోకు రెవెన్యూ శాఖవి. ఊరి రోడ్లు, కల్వర్టులు పంచాయతీరాజ్ శాఖవి. పైనున్న అడవి అటవీ శాఖది. కొత్త లేఅవుట్లు తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థవి. నేల ఎత్తుపల్లాలు సర్వే ఆఫ్ ఇండియావి. ఇళ్లు, జనాభా జనగణన వారివి.

ఇవన్నీ ఎవరో ఒకరు ప్రజల డబ్బుతో కొలిచి గీసినవే. అవసరం పడిన రోజున వాటిని ఒకదాని మీద ఒకటి పరిచి చూడగలమా అన్నదే ప్రశ్న. భౌగోళిక సమాచారం పంచుకోవడానికి జాతీయ విధానం అని ఢిల్లీలో మాట్లాడుకునేది ఈ ప్రశ్న గురించే. తెరవాలా, మూసి ఉంచాలా అన్న వాదనతోనే ఆ చర్చ చాలాకాలం సాగింది. చట్టం తలుపులు చాలావరకు తెరిచిన ఈ రోజుల్లో అసలు చిక్కు వేరేచోట ఉందని నా నమ్మకం.

ముందుగా ఆ తలుపుల సంగతి చూద్దాం. సర్వే ఆఫ్ ఇండియా 1767లో పుట్టింది. దేశాన్ని త్రిభుజాలుగా విడగొట్టి కొలిచిన మహా సర్వేకు విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్ వద్ద తొలి ఆధార రేఖ కొలిచాడు. సైన్యం కోసం, పన్నుల కోసం పుట్టిన పటాలు కనుక వాటిని దాచుకోవడం మొదటి నుంచీ అలవాటే. స్వాతంత్ర్యం వచ్చాక కూడా సరిహద్దుల వెంబడి, సముద్రతీరం వెంబడి పదుల కిలోమీటర్ల మేర వివరమైన పటాలు మామూలు పౌరుడికి అందేవి కావు. దేశపటంలో తిరుపతి, చిత్తూరు రెండూ 57 ఓ అన్న గడిలో పడతాయి. అందులో తిరుపతిది ఆరో షీటు, చిత్తూరుది నాలుగోది. భూగర్భ జలాల మీద పరిశోధన చేసే విద్యార్థికి ఒక షీటు సంపాదించడం కూడా అనుమతి పత్రాలతో కూడిన పనిగా ఉండేది.

2005లో వచ్చిన జాతీయ పటాల విధానం పటాలను రెండు వరుసలుగా విడదీసింది. ఒకటి రక్షణ వరుస, రెండోది అందరికీ అందే వరుస. అది ఒక అడుగు ముందుకే. 2012లో ప్రభుత్వ సమాచారాన్ని పంచుకోవడానికి మరో జాతీయ విధానం వచ్చింది. కానీ 2016లో కేంద్ర హోం శాఖ ఒక ముసాయిదా బిల్లు పెట్టింది. అనుమతి లేకుండా భౌగోళిక సమాచారం సేకరించినా, పంచినా వంద కోట్ల రూపాయల వరకు జరిమానా, ఏడేళ్ల వరకు జైలు అంది ఆ ముసాయిదా. ఫోన్లో దారి చూపే యాప్ నుంచి ఆటో నడిపేవారి వరకు అందరినీ ఆ నిర్వచనంలోకి లాగవచ్చని పెద్ద ఎత్తున అభ్యంతరాలు వచ్చాయి. బిల్లు చట్టం కాలేదు. కాకపోవడం వల్ల దేశానికి మేలే జరిగింది.

అసలు మలుపు 2021 ఫిబ్రవరి 15న వచ్చింది. శాస్త్ర సాంకేతిక శాఖ విడుదల చేసిన మార్గదర్శకాలు ముందస్తు అనుమతి అన్న మాటనే దాదాపు తీసేశాయి. భారతీయ సంస్థ ఏదైనా సర్వే చేసుకోవచ్చు, పటం గీసుకోవచ్చు, అమ్ముకోవచ్చు. నియమాలు పాటిస్తున్నానని తానే ధ్రువీకరించుకుంటే చాలు. అడ్డంగా ఒక మీటరు, నిలువుగా మూడు మీటర్ల కంటే సూక్ష్మమైన కొలతలను మాత్రం భారతీయ సంస్థలే తీయాలి, ఆ సమాచారం దేశంలోనే ఉండాలి. పటం మీద చూపకూడని సున్నితమైన విషయాలకు ఒక జాబితా ఉంటుంది. మన విషయానికి అన్నిటికంటే ముఖ్యమైన మాట మరొకటుంది: భద్రతా సంస్థల రహస్య సమాచారం తప్ప, ప్రజాధనంతో తయారైన భౌగోళిక సమాచారమంతా శాస్త్ర, ఆర్థిక, అభివృద్ధి అవసరాలకు భారతీయులకు అందాలి.

దాని వెనకే 2022 డిసెంబరు 28న జాతీయ భౌగోళిక విధానాన్ని నోటిఫై చేశారు. 2030 నాటికి ఊళ్లను, పట్టణాలను 5 నుంచి 10 సెంటీమీటర్ల స్పష్టతతో, అడవులను, బంజర్లను 50 నుంచి 100 సెంటీమీటర్ల స్పష్టతతో పటం గీయాలని అందులో లక్ష్యం. మైదానాల్లో నేల ఎత్తును 25 సెంటీమీటర్ల కచ్చితత్వంతో కొలవాలని మరొకటి. ఈ రెండో లక్ష్యం విలువ రాయలచెరువు కింద వరి పండించేవారికి చెప్పనక్కరలేదు. ప్రపంచమంతటికీ ఉచితంగా దొరికే ఎత్తుల సమాచారంలో కొన్ని మీటర్ల తప్పు ఉండవచ్చు. పొలాల మధ్య ఒక్క మీటరు ఎత్తు తేడాతో ఒక ఊరు మునుగుతుంది, పక్క ఊరు తేలుతుంది. అలాంటి చోట మీటర్ల తప్పున్న పటాన్ని నమ్మి ఎవరిని ఏ వైపు పంపగలం?

మంచి కొలతలు తీసినా, వాటిని ఒకదాని మీద ఒకటి పరచలేకపోతే ఫలితం లేదు. నా దృష్టిలో అసలు చిక్కు అదే. ఇందులో మొదటి ముడి ఆధారానిది. భూమి నిండు గోళం కాదు కాబట్టి, కొలతలకు ముందు భూమి ఆకారానికి ఒక లెక్కను అంగీకరించాలి. పాత సర్వే పటాలు 1830 నాటి ఎవరెస్ట్ లెక్క మీద నిలబడ్డాయి. నేటి ఉపగ్రహాలు, మన ఫోన్లు డబ్ల్యూజీఎస్-84 అనే మరో లెక్క మీద నడుస్తాయి. ఒకే బిందువుకు ఈ రెండూ ఇచ్చే అక్షాంశ రేఖాంశాలు వేర్వేరు. మన ప్రాంతంలో ఆ తేడా నేల మీద వంద మీటర్లు దాటుతుంది. మార్పు లెక్క వేయకుండా పాత షీటులోని చెరువును కొత్త ఉపగ్రహ చిత్రం మీద పెడితే, చెరువు కట్ట ఎవరి పొలంలోనో కనిపిస్తుంది. లెక్క తెలిసినవారికి ఇది నిమిషాల్లో సరిదిద్దగల పని. కానీ ఏ పటం ఏ లెక్కలో ఉందో పటంతో పాటు రాసి ఇవ్వకపోతే, సరిదిద్దేవారు కూడా ఊహ మీదే ఆధారపడాలి. పటం గురించిన పటం అనదగ్గ ఈ వివరాలు, అంటే ఎవరు, ఎప్పుడు, దేనితో, ఏ లెక్కలో కొలిచారన్నవి, మన కార్యాలయాల్లో చాలాసార్లు ఎవరో ఒక్క ఉద్యోగి జ్ఞాపకంలోనే ఉంటాయి. ఆయన బదిలీ అయితే అవీ ఆయనతో పాటే వెళ్లిపోతాయి.

రెండో ముడి ఇంకా గట్టిది. ఒక ఎఫ్‌ఎంబీ షీటును దగ్గర నుంచి చూద్దాం. ఎఫ్‌ఎంబీ అంటే క్షేత్ర కొలతల పుస్తకం, అందులో ప్రతి సర్వే నంబరుకూ ఒక పుట. పొలం హద్దు మలుపు తిరిగే చోట్ల సర్వే రాళ్ల గుర్తులు. రాయికీ రాయికీ మధ్య ఒక గీత, దాన్ని జీ-లైన్ అంటారు. ఆ గీత వెంబడి కొంత దూరం పోయి, అక్కడి నుంచి పక్కకు హద్దు దాకా ఎంతో కొలిచి, అంకెలను మెట్లు మెట్లుగా రాస్తారు. అది ల్యాడర్. పాత షీట్లలో ఈ అంకెలన్నీ లింకుల్లో ఉంటాయి. వంద లింకులైతే ఒక గొలుసు, అంటే 66 అడుగులు. గొలుసు లాగి, ఎండలో నడిచి, ఇంత ఓపికగా రాసిన వారి పనితనానికి దండం పెట్టాలి. అయితే ఆ షీటులో అక్షాంశం, రేఖాంశం ఎక్కడా ఉండవు. ఈ రాయి నుంచి ఆ రాయికి ఎంత దూరమో చెబుతుంది కానీ, ఆ రాయి భూగోళం మీద ఎక్కడుందో చెప్పదు. రాయి ఉన్నంత కాలం ఆ కొలతకు ప్రాణం ఉంటుంది. రాయి పీకేసి దారి వేసినా, ఇల్లు కట్టినా, కొలత కాగితం మీద మిగిలిపోతుంది.

ఇలాంటి షీట్లను కంప్యూటర్లోకి ఎక్కించి పక్కపక్కన అతికిస్తే, ఒక ఊరి చివరి పొలానికీ పక్క ఊరి మొదటి పొలానికీ నడుమ ఒకచోట ఎవరిదీ కాని సందు కనిపిస్తుంది. మరోచోట రెండు ఊళ్లూ తమదేనని చూపే ముక్క కనిపిస్తుంది. వంకలు, చెరువులు తరచూ ఊరి పొలిమేరల్లోనే ఉంటాయి. ఆక్రమణల తగాదాలు కూడా అక్కడే పుడతాయి. పటం అతకని చోటే మనకు కచ్చితత్వం అత్యవసరం.

దీనికి ఉపాయం ఉంది, ఆ పని జరుగుతోంది కూడా. సర్వే ఆఫ్ ఇండియా దేశమంతటా వెయ్యికి పైగా స్థిర కేంద్రాలను నెలకొల్పింది. అవి నిరంతరం ఉపగ్రహాల సంకేతాలు అందుకుంటూ సరిదిద్దిన లెక్కలు పంపిస్తాయి. సర్వేయర్ ఆ లెక్కలు అందుకునే రోవర్ అనే పరికరం పట్టుకుని పొలం మూలన నిలబడితే, ఆ మూల భూమి మీద ఎక్కడుందో కొన్ని సెంటీమీటర్ల తేడాతో తెలుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే ఈ పద్ధతిలోనే, డ్రోన్లతో, రోవర్లతో సాగింది. సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్, అంటే భూమి ముక్క పటం) నంబర్లు వచ్చాయి. ప్రతి భూమి ముక్కకూ అంకెలు, అక్షరాలు కలిసిన 14 స్థానాల గుర్తింపు సంఖ్య ఇవ్వాలన్న కేంద్ర కార్యక్రమం కూడా ఇలాంటి కొలతల మీదే నిలుస్తుంది.

అయితే రీసర్వే మరో పాఠం కూడా నేర్పింది. విస్తీర్ణం తగ్గిందని, ఒకే ఎల్‌పీఎంలో నలుగురైదుగురిని కలిపేశారని రెవెన్యూ సదస్సుల్లో ఫిర్యాదులు పదే పదే వినిపించాయి. పటం బీరువాలో ఉన్నంత కాలం అందులోని తప్పు కూడా బీరువాలోనే ఉంటుంది. దాన్ని రిజిస్ట్రేషన్ కార్యాలయం, బ్యాంకు, పంటల బీమా, జలవనరుల శాఖ పంచుకుంటే తప్పు కూడా అన్ని చోట్లకూ పాకుతుంది. తనకున్న రెండెకరాల్లో పది సెంట్లు తగ్గిన రైతు ఎక్కడికని తిరగాలి? ఎవరి దగ్గర దిద్దితే మిగతా అందరి దగ్గరా దానంతట అదే దిద్దుబాటు అవుతుంది? పంచుకునే విధానంలో ఈ ప్రశ్నకు సమాధానం మొదటి పుటలోనే ఉండాలి. తప్పు దిద్దే దారి చూపకుండా సమాచారం పంచడం బలహీనుడికి అన్యాయం చేయడమే.

ఇక ఎవరి మాట చెల్లాలన్న చిక్కు రాజ్యాంగంలోనే ఉంది. సర్వే ఆఫ్ ఇండియా కేంద్ర జాబితాలోని అంశం. భూమి రికార్డులు, శిస్తు కోసం చేసే సర్వే, నీటి పారుదల, స్థానిక సంస్థలు రాష్ట్ర జాబితాలోనివి. అంటే ఢిల్లీ ఎంత మంచి విధానం రాసినా, రామచంద్రాపురం మండలంలోని పొలం హద్దు మీద దాని ఆజ్ఞ నేరుగా చెల్లదు. 2022 విధానం 14 మూల అంశాలను పేర్కొంది. నేల ఎత్తు, నీరు, రవాణా, చిరునామాలు, ఊర్ల పేర్లు, భూమి ముక్కలు వంటివి అందులో ఉన్నాయి. ఒక్కో అంశానికి ఒక్కో బాధ్యుడు ఉండాలన్నది దాని సారం. ఇది సరైన ఆలోచన. కానీ కేంద్రంలో ఏ మంత్రిత్వ శాఖ బాధ్యత తీసుకున్నా, ఆ అంశంలోని అసలు సమాచారం రాష్ట్రంలో, జిల్లాలో, చివరికి గ్రామ సచివాలయంలోని సర్వేయర్ చేతిలో ఉంటుంది. బాధ్యత గొలుసు అక్కడిదాకా రాసి ఉండాలి. పటాన్ని తాజాగా ఉంచే పనికి ఆ సర్వేయర్‌కు సమయం, పరికరం, శిక్షణ ఇవ్వాలి. లేకపోతే ఒకసారి డ్రోన్ ఎగిరిన నాటి చిత్రమే ఏళ్ల తరబడి సత్యంగా చెలామణి అవుతుంది.

అలాగని రాష్ట్రం ఒక్కటే చూసుకుంటే చాలదు. పిచ్చాటూరు దగ్గర ఆరణియార్ జలాశయం గేట్లు ఎత్తితే ఆ నీళ్లు తమిళనాడులోని ఊత్తుకోట వైపు పోతాయి. అక్కడి అధికారులకు ఇక్కడి నీటిమట్టం, ఇక్కడి వారికి అక్కడి వంతెనల ఎత్తు తెలియాలి. రెండు రాష్ట్రాల పటాలు ఒకే ఆధారం మీద, ఒకే గుర్తింపు సంఖ్యలతో కుదరాలంటే జాతీయ విధానం తప్ప మార్గం లేదు.

గుర్తింపు సంఖ్యల అవసరం మన జిల్లా చరిత్ర చూస్తే చాలు, అర్థమవుతుంది. ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల భాగాలతో 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడింది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయింది, సత్యవేడు ప్రాంతం ఇటు వచ్చింది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా పుట్టింది. నెల్లూరు జిల్లాలో ఉండిన సూళ్లూరుపేట అందులో చేరింది, దానితో పాటు శ్రీహరికోట కూడా. 2011 జనగణన అంకెలన్నీ పాత జిల్లాల కిందే ఉన్నాయి. ఒక ఊరి నీళ్ల గురించి ముప్పై ఏళ్ల లెక్క తీయబోయే పరిశోధకుడికి అదే ఊరు రెండు జిల్లాల పేర్లతో, రెండు మూడు రకాల అక్షరక్రమాలతో కనిపిస్తుంది. ఒకే పేరున్న ఊళ్లు ఒకే జిల్లాలో ఎన్నో ఉంటాయి. జిల్లాలు మారినా ఊరి సంఖ్య మారకుండా ఉంటే, పాత లెక్కలు కొత్త పటంలో వాటంతట అవే వచ్చి కూర్చుంటాయి. స్థానిక సంస్థలకు కేంద్రం ఇచ్చిన కోడ్‌లు ఉన్నాయి. ప్రతి శాఖ తన పట్టికలో ఆ కోడ్ కూడా రాయాలన్న చిన్న నియమం, కోట్ల రూపాయల పోర్టళ్ల కంటే ఎక్కువ మేలు చేస్తుంది.

అన్నీ తెరవాలా అని అడిగేవారికి జవాబు ఈ కొండల్లోనే ఉంది. ఎర్రచందనం సహజంగా పెరిగే అడవులు ఈ తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే ఉన్నాయి. శేషాచలం అడవిలో ఏ లోయలో ముదురు చెట్లు ఎన్ని ఉన్నాయో సెంటీమీటర్ల స్పష్టతతో అందరి ముందూ పెడితే, దాన్ని ముందుగా వాడుకునేది దొంగలే. అటువంటి పటం పరిశోధకుడికి షరతులతో ఇవ్వాలి, బహిరంగంగా పెట్టకూడదు. అదే పలమనేరు, కుప్పం వైపు వెళితే కథ తిరగబడుతుంది. కౌండిన్య అభయారణ్యం నుంచి ఏనుగుల గుంపు ఏ దారిన వస్తోందో పొలంలో రాత్రి కాపలా పడుకునే రైతుకు వెంటనే తెలియాలి. అడవి ఒకే శాఖది, జంతువు, చెట్టు రెండూ రక్షణ కావలసినవే. కానీ ఒకదానికి గోప్యత కావాలి, మరొకదానికి హెచ్చరిక కావాలి. అందుకే శాఖను బట్టి తలుపు వేయడం తప్పు. ఒక్కో అంశాన్ని, దాని సూక్ష్మతను, దానివల్ల ఎవరికి హాని, ఎవరికి మేలు అన్నదాన్ని బట్టి నిర్ణయించాలి. మూసి ఉంచేవారు కారణం రాయాలి, ఎప్పటివరకో కూడా రాయాలి. భూమి రికార్డుల విషయంలో హద్దు, విస్తీర్ణం అందరికీ కనిపించవచ్చు. యజమాని ఆధార్, ఫోన్ నంబరు కనిపించనక్కరలేదు.

ధర, లైసెన్సుల విషయం త్వరగా తేల్చవచ్చు. ఒకసారి ప్రజల పన్నుతో కొలిచినదాన్ని మళ్లీ ప్రజలకే ఎక్కువ ధరకు అమ్మకూడదు. ఒక శాఖ మరో శాఖకు బిల్లు వేయడం మరీ అర్థం లేని పని. చూడటానికి మాత్రమే ఇచ్చి, దించుకోవడానికి ఇవ్వని పోర్టల్‌ను పంచుకోవడం అని పిలవకూడదు. తెర మీద కనిపించే బొమ్మతో వరద లెక్క కట్టలేము.

చెరువుల నుంచి మొదలుపెడితే బాగుంటుందని నా అభిప్రాయం. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో చెరువులు గొలుసుకట్టుగా ఉంటాయి, ఒకదాని మరవ పారితే నీళ్లు కింది చెరువుకు చేరతాయి. నగరం పెరిగిన కొద్దీ పేరూరు, అవిలాల వంటి చెరువుల చుట్టూ ఇళ్లు దగ్గరపడ్డాయి. ప్రతి చెరువుకూ పూర్తి నీటిమట్టపు హద్దు, కట్ట, తూము, మరవ, వచ్చే వంక, పోయే కాలువ, అవి తాకే సర్వే లేదా ఎల్‌పీఎం నంబర్లు ఒకే పొరలో పెట్టవచ్చు. ఉపగ్రహ లెక్కలో, ఊరి కోడ్‌తో, కొలిచిన తేదీతో ఎవరైనా దించుకునేలా ప్రచురించవచ్చు. తప్పు కనిపిస్తే ఏ అధికారికి రాయాలో, ఎన్ని రోజుల్లో జవాబు రావాలో ఆ పుటలోనే ఉండాలి. ఇంటి స్థలం కొనేవారు అడ్వాన్సు ఇవ్వకముందే ఫోన్లో అది చూసుకుంటారు. కలెక్టరేట్‌లో వరద లెక్క కట్టే ఇంజినీరు చూసేది కూడా అదే పొర. నేలను ఫోటోలు తీసే కార్టోశాట్ ఉపగ్రహాలు శ్రీహరికోట నుంచే ఎగిరాయి, వాతావరణాన్ని గమనించే జాతీయ ప్రయోగశాల గాదంకిలో ఉంది, కొలిచే నేర్పు ఉన్న సర్వేయర్లు గ్రామ సచివాలయాల్లో ఉన్నారు. దీనికి కొత్త చట్టం అక్కరలేదు. ప్రజాధనంతో తయారైన సమాచారం అందాలని 2021 మార్గదర్శకాలు ఇప్పటికే చెప్పాయి. జలవనరులు, రెవెన్యూ, పంచాయతీరాజ్ శాఖలు కలిసి సంతకం చేసే ఒక ఉత్తర్వు చాలు. వచ్చే ఈశాన్య రుతుపవనాల లోపు రామచంద్రాపురం మండలంతో ఈ పని ప్రారంభించవచ్చు.